వడ్లగింజ, నువ్వుగింజ
(గ్రామపంచాయతీ సభ్యుల శిక్షణ సమావేశమున చేసిన ప్రసంగ పాఠము)



ఈ సమావేశమునకు వచ్చుచు నేను రెండు గింజలు వెంట తెచ్చితిని. ఒకటి వడ్లగింజ, రెండవది నువ్వుగింజ. ఏది ఏ నేలలో పండునో, దేనిని ఏ కార్తెలో విత్తవలెనో మీరే నాకు నేర్పగలరు. నేను మనవి చేయబోవునది ఈ గింజల లోపలి సంగతి. రేపు మొలకెత్తబోవు చిన్న మొక్కకు తల్లిమొక్క కట్టియిచ్చిన చద్దిమూట ఈ గింజలలో ఉన్నది. వడ్లగింజలో ఆ చద్ది ముఖ్యముగా పిండి రూపమున ఉన్నది. నువ్వుగింజ బరువులో ఇంచుమించు సగము నూనెయే. ఆ చద్దిమూటలనే మనము తీసికొని తినుచున్నాము. వీనిని శాస్త్రజ్ఞులు కార్బోహైడ్రేటులనియు, లిపిడ్లనియు పిలుతురు. మనము పిండిపదార్థములని, క్రొవ్వుపదార్థములని చెప్పుకొందము.

ఇది పాఠశాలలో చెప్పవలసిన పాఠము గదా, పంచాయతీ సభ్యులకు ఎందులకని మీరు అనుకొనవచ్చును. అందులకు కారణమైన ఒక సంఘటన చెప్పెదను. కొంతకాలము క్రిందట నేనొక గ్రామమునకు పోయినప్పుడు, అచటి పాఠశాలలో పిల్లలు మధ్యాహ్న భోజనమునకు కూర్చుండియుండిరి. అన్నము పుష్కలముగా ఉన్నది. పప్పు మాత్రము నీళ్ళవలె ఉన్నది. ఆకుకూరను ఉత్తనీటిలో ఉడికించి వడ్డించిరి. పోపు జాడయే లేదు. వంటచేయు అమ్మను కారణమడిగితిని. "నూనె రుచికోసమే గదండీ, తగ్గిస్తే పిల్లలకి లోటేముంది? కడుపునిండా అన్నం పెడుతున్నాంగా" అని ఆమె సమాధానమిచ్చినది. ఆ మాటలో కపటమేమియు లేదు. ప్రక్కనున్న పెద్దలును నిజమే నిజమేయని తలయూపిరి. కళాశాలలో చదివిన పాఠము నాకు గుర్తున్నది గాని, ఆ అమ్మకు అర్థమగునట్లు చెప్పుటకు మాట తోచలేదు. ఆమె ప్రశ్నకు ఆలస్యముగా చెప్పుచున్న సమాధానమే ఈనాటి నా ప్రసంగము.

ఆకులో పుట్టు చక్కెర

మొదట పిండి సంగతి చూతము. పచ్చని ఆకు ఎండను పట్టుకొని, ఆ బలముతో గాలిలోని బొగ్గుపులుసు వాయువును, వేరు తెచ్చిన నీటిని కలిపి ఒక చక్కెరను తయారు చేయుచున్నది. దాని పేరు గ్లూకోజు. ఒక్కొక్క గ్లూకోజు అణువులో 6 కర్బన పరమాణువులు, 12 ఉదజని పరమాణువులు, 6 ప్రాణవాయు పరమాణువులు ఉన్నవి. ఇట్టి చక్కెరల నిర్మాణమును ఛేదించిన జర్మను శాస్త్రజ్ఞుడు ఎమిల్ ఫిషర్‌కు 1902లో నోబెల్ బహుమానము లభించినది.

గ్లూకోజును ఒక ఇటుకగా భావింపుడు. ఇటుకతో గోడ కట్టవచ్చును, అరుగు కట్టవచ్చును, బావికి ఒర కట్టవచ్చును. కట్టడము పేర్పును బట్టి ఉపయోగము మారును. గ్లూకోజు విషయమును అట్టిదే. గ్లూకోజును పండ్లలోని ఫ్రక్టోజు అను చక్కెరతో జతచేసినచో చెరకులోని చక్కెర అగును. గెలాక్టోజు అను మరియొక చక్కెరతో జతచేసినచో పాలలోని చక్కెర అగును. గ్లూకోజు ఇటుకలనే వందలు, వేలుగా వరుస కూర్చినచో పిండి ఏర్పడును.

పిండిలోని గొలుసులు రెండు విధములు. కొన్ని మరమేకువలె మెలితిరిగి పొడవుగా ఉండును. కొన్ని చెట్టువలె కొమ్మలు వేసియుండును. మెలితిరిగిన గొలుసును కంటితో చూడలేము గాని, అది ఉన్నదని తెలిసికొనుటకు ఒక సులువైన ఉపాయము కలదు. చల్లారిన గంజిలో టింక్చరు అయొడిన్ ఒక చుక్క వేసినచో ముదురు నీలిరంగు వచ్చును. అయొడిన్ ఆ మెలికల నడుమకు దూరుటచేతనే ఆ రంగు. నూనెను కనుగొనుటకు ఇంతకన్న తేలిక మార్గమున్నది. నువ్వులను నలిపి కాగితముపై రుద్దినచో వెలుతురు కనబడు మరక ఏర్పడును, అది ఎండినను పోదు. ఈ రెండు పరీక్షలను మీ బడిపిల్లలచేత చేయించి చూడుడు.

గింజలో గ్లూకోజును విడిగా ఉంచక గొలుసుగా ఎందుకు కట్టవలెను? విడి చక్కెర నీటిలో కరగి నీటిని తన వైపునకు లాగుకొనును. గొలుసుగా కట్టిన పిండి అట్లు కరగక కదలక నిలువయుండును. అవసరము వచ్చినప్పుడు మొలక ఆ గొలుసును తెంచుకొని తినును. మన నోటిలోని లాలాజలమును అదే పని చేయును. ఒక ముద్ద వట్టి అన్నమును మ్రింగకుండ కొంతసేపు నమలి చూడుడు. తియ్యదనము తెలియును. పిండి చక్కెరగా మారుటకు అది మొదటి మెట్టు. ప్రేగులలో ఆ పని పూర్తియై గ్లూకోజు రక్తములోనికి పోవును.

అన్నము, గడ్డి, పంచె

ఇక వరిచేనిలోని ఒక చిత్రమును గమనింపుడు. వరిగింజలోని పిండియు, వరిగడ్డిలో ముఖ్యభాగమైన సెల్యులోజును ఒకే గ్లూకోజు ఇటుకలతో కట్టినవే. భేదము అతుకులో ఉన్నది. పిండిలో ఇటుకలన్నియు ఒకే వైపు తిరిగి అతుకుకొనును. సెల్యులోజులో ఒకటి విడిచి ఒకటి తలక్రిందుగా తిరిగి అతుకుకొనును. అందుచేత ఆ గొలుసు మెలితిరుగక తిన్నగా సాగును. తిన్నని గొలుసులు ప్రక్కప్రక్కన చేరి, మోపు కట్టిన పుల్లలవలె ఒకదానినొకటి గట్టిగా పట్టుకొనును. చెట్టు నిలువుగా నిలుచుటకు, గడ్డిపరక విరుగక వంగుటకు ఆ పట్టు తోడ్పడుచున్నది. ప్రత్తి దూదిలో చాలభాగము సెల్యులోజే. కాబట్టి మనము తిను అన్నమునకు, కట్టు పంచెకు, పశువునకు వేయు గడ్డికి మూలద్రవ్యము ఒకటే.

పిండి అతుకును తెంచు సాధనము మన శరీరమున ఉన్నది. సెల్యులోజు అతుకును తెంచు సాధనము లేదు. అందుచేత గడ్డి తిని మనము బ్రతుకజాలము. గేదెకును స్వయముగా ఆ శక్తి లేదు గాని, దాని పెద్దపొట్టలో కోట్లకొలది సూక్ష్మజీవులు కాపురముండి ఆ పని చేసిపెట్టుచున్నవి. అవి సెల్యులోజును చిన్న చిన్న ఆమ్లములుగా మార్చును. గేదె ఆ ఆమ్లములను రక్తములోనికి తీసికొని, వానిలో కొంతభాగముతో పాలలోని వెన్నను తయారుచేయుచున్నది. మీ ఇండ్లలో కాచు నేతిలో కొంత ఒకప్పుడు గడ్డివాములోని గడ్డియే. పిండిపదార్థమునకు, క్రొవ్వుపదార్థమునకు నడుమ ఉన్న చుట్టరికము దీనివలన తెలియుచున్నది.

మనకు అరగనంత మాత్రమున సెల్యులోజు, ఇతర పీచుపదార్థములు నిరుపయోగములు కావు. అవి ప్రేగులను కదిలించును, అన్నములోని గ్లూకోజు ఒక్కుమ్మడిగా రక్తములో పడకుండ నిదానపరచును. ఆకుకూరలు, పొట్టుతీయని పప్పులు, జొన్నలు, రాగులు, కొఱ్ఱలు ఇట్టి పీచును ఇచ్చుచున్నవి. బాగుగా మరపట్టిన తెల్లబియ్యములో ఇది మిక్కిలి తక్కువ. తవుడుతో పాటు పీచు పోవును. వడ్లగింజలోని కొద్దిపాటి నూనెయు తవుడులోనిదే గనుక అదియు పోవును.

నూనెలోని నిర్మాణము

ఇప్పుడు నువ్వుగింజ వద్దకు వత్తము. నూనె, నెయ్యి, వెన్న, పశువుల క్రొవ్వు, ఇవన్నియు ఒకే నమూనాలో కట్టినవి. గ్లిసరాల్ అను చిన్న అణువు ఒక కఱ్ఱవంటిది. దానికి మూడు పొడవైన తోకలు వ్రేలాడుచుండును. ఆ తోకలే క్రొవ్వు ఆమ్లములు. వీనిలో సాధారణముగా 16 లేక 18 కర్బన పరమాణువులు వరుసగా ఉండును.

తోకలు తిన్నగా ఉన్నచో, పేర్చిన కఱ్ఱలవలె దగ్గరగా సర్దుకొని గడ్డకట్టును. నెయ్యి చలికాలమున పేరుకొనుటకు కారణమిదే. తోకలలో అచ్చటచ్చట వంకరలున్నచో అవి దగ్గరగా సర్దుకొనజాలవు. అందుచేత నువ్వులనూనె, వేరుశెనగనూనె ద్రవముగానే ఉండును. ఈ వంకర తోకలలో రెండు రకముల ఆమ్లములను మన శరీరము స్వయముగా తయారు చేసికొనలేదు. వానిని ఆహారమునుండియే పొందవలెను. నువ్వులు, ప్రొద్దుతిరుగుడు, వేరుశెనగలలో ఒకటి దొరకును. అవిసె గింజలలో రెండవది సమృద్ధిగా ఉన్నది.

నూనెలో ఉదజనిని ఎక్కించి వంకరలను సరిచేసి గట్టిపరచు పద్ధతివలననే వనస్పతి వచ్చినది. ఆ పద్ధతిని సగములో ఆపినప్పుడు కొన్ని తోకలు అసహజమైన రూపము తాల్చును. వీనిని ట్రాన్స్ క్రొవ్వులందురు. ఇవి గుండెజబ్బులకు దారితీయునని తేలుటచేత, మన దేశమున నూనెలలోను, వనస్పతులలోను వీనిని 2022 జనవరి 1 నుండి నూటికి 2 వంతులకు మించనీయరాదని ఆహార భద్రతా సంస్థ నిర్ణయించినది.

నిలువ ధనము, చేతి ఖర్చు

మన శరీరమునకు ఈ రెంటితోను ఏమి పని? మొదటిది శక్తి. ఒక గ్రాము పిండి సుమారు 4 కేలరీల శక్తి నిచ్చును. ఒక గ్రాము నూనె సుమారు 9 కేలరీల నిచ్చును. పిండిలో ప్రాణవాయువు ముందే చాలవరకు చేరియున్నది, అనగా అది కొంత కాలిన కట్టెవంటిది. నూనెలో ప్రాణవాయువు స్వల్పము గనుక కాలుటకు ఎక్కువ మిగిలియున్నది. నువ్వువంటి చిన్నగింజ నూనెను దాచుకొనుటలోని లాభమిదియే. కొద్దిచోటులో ఎక్కువ బలము ఇమిడియుండును.

తిన్న గ్లూకోజులో కొంతభాగమును మన శరీరము కొమ్మలు వేసిన గొలుసులుగా కట్టి, గ్లైకోజన్ అను పేరుతో దాచుకొనును. కాలేయములో సుమారు 100 గ్రాములు, కండరములలో సుమారు 400 గ్రాములు ఉండును. ఇది జేబులోని చిల్లరవంటిది. పరుగెత్తినప్పుడు, బరువెత్తినప్పుడు, రాత్రి నిద్రలో మెదడునకు ఆహారము కావలసినప్పుడు ఇది వెంటనే అక్కరకు వచ్చును. పెద్దవారి మెదడు ఒక్కటే దినమునకు సుమారు 120 గ్రాముల గ్లూకోజును వాడుకొనుచున్నది. అయితే గ్లైకోజన్ తనకు సుమారు మూడు రెట్ల బరువు నీటిని వెంట ఉంచుకొనును గనుక ఎక్కువ దాచుటకు వీలులేదు. దూరపు అవసరమునకు శరీరము క్రొవ్వునే దాచును. అది బ్యాంకులోని నిలువవంటిది.

చిల్లర అయినను, నిలువ అయినను చివరకు ఒకే నాణెముగా మారి ఖర్చగుచున్నది. ఆ నాణెము పేరు ఏటీపీ. చేయి ఎత్తుటకు, గుండె కొట్టుకొనుటకు అదియే కావలెను. దానిని కండరములలో కనుగొని 1929లో లోకమునకు వెల్లడించిన ఇద్దరిలో ఒకరు మన ఎల్లాప్రగడ సుబ్బారావుగారు. 1895లో భీమవరమున జన్మించిన ఆయన అమెరికాలోని హార్వర్డులో సైరస్ ఫిస్కే అను శాస్త్రజ్ఞునితో కలిసి ఈ కార్యము సాధించెను. అదే సంవత్సరమున జర్మనీలో కార్ల్ లోమన్ విడిగా దానినే కనుగొనెను. మనము తిను అన్నము, నూనె కండబలముగా మారు మార్గములో ముఖ్యమైన మెట్టును చూపినవారిలో ఒక ఆంధ్రుడున్నాడని మనము సంతోషింపవచ్చును.

కణమునకు కంచె

క్రొవ్వు పని శక్తితో ముగియలేదు. మన శరీరము కోట్లానుకోట్ల కణములతో ఏర్పడినది. ప్రతి కణమునకు చుట్టును ఒక పలుచని పొర ఉన్నది. లోపలిది లోపల, వెలుపలిది వెలుపల ఉంచుచు, కావలసినదానిని మాత్రము రానిచ్చు కంచె అది. ఆ కంచె ముఖ్యముగా ఒక రకపు క్రొవ్వుతో కట్టబడినది. ఈ క్రొవ్వునకు తోకలు రెండే. మూడవ తోక స్థానమున భాస్వరముతో కూడిన తల ఉండును. ఆ తలకు నీరన్న ఇష్టము, తోకలకు నీరన్న సరిపడదు. కుంకుడురసము తలలోని జిడ్డును వదిలించు విధము మీకు తెలిసినదే. దాని అణువులోను ఒక భాగము నీటిని, ఇంకొక భాగము నూనెను పట్టును. కణపు పొరలో ఇట్టి అణువులు రెండు వరుసలుగా నిలిచి, తలలను నీటివైపునకు పెట్టి, తోకలను లోపల దాచుకొనును. ఎవరును కట్టకుండనే ఈ కంచె తనంత తాను ఏర్పడును.

మెదడునుండి నీటిని తీసివేసినచో మిగులు బరువులో సగమునకు మించి ఇట్టి క్రొవ్వులే. తల్లిపాల శక్తిలో ఇంచుమించు సగము క్రొవ్వునుండి వచ్చుచున్నది. పసిబిడ్డ మెదడు వేగముగా పెరుగు కాలమున ప్రకృతి ఈ విధముగా ఏర్పాటు చేసినది. మరియు ఎ, డి, ఇ, కె విటమిన్లు నీటిలో కరగవు, నూనెలోనే కరగును. మునగాకులోను, తోటకూరలోను ఉన్న పదార్థమునుండి మన శరీరము ఎ విటమినును తయారు చేసికొనును. అది కొరవడినచో రేచీకటి వచ్చును, ముదిరినచో పిల్లల కన్నులే పోవును. ఆ కూరలో కొంచెము నూనె లేనిచో, ఆ పదార్థములో చాలభాగము శరీరమునకు పట్టక వ్యర్థమగును.

పళ్ళెములోని లెక్క

ఇప్పుడు ఆ వంట అమ్మ ప్రశ్నకు వత్తము. ప్రాథమిక పాఠశాలలోని ఒక్కొక్క బిడ్డకు మధ్యాహ్న భోజనమున 100 గ్రాముల బియ్యము, 20 గ్రాముల పప్పు, 50 గ్రాముల కూరగాయలు, 5 గ్రాముల నూనె ఉండవలెనని నియమమున్నది. అందరి శక్తి లెక్క 450 కేలరీలు. బియ్యమునుండి సుమారు 345, పప్పునుండి సుమారు 65, నూనెనుండి 45 వచ్చును. నూనె మానివేసినచో శక్తిలో పదవవంతు పోయినట్లే. దానితో పాటు ఆకుకూరలోని ఎ విటమిను పట్టుదల తగ్గును. శరీరము తయారు చేసికొనలేని ఆమ్లములకును లోటు వచ్చును. ఆ లోటును అన్నముతో పూరింతమన్నచో చిన్నబిడ్డ పొట్ట చాలదు. నూనె రుచికి మాత్రమే కాదమ్మా, బిడ్డ కంటికి, మెదడునకు, పెరుగుదలకు అని ఆనాడు నేను చెప్పవలసియుండెను.

నూరుగురు పిల్లలున్న బడిలో నూరు పళ్ళెములకు 500 గ్రాముల నూనె కావలెను. పంచాయతీ సభ్యుడు బడికి వెళ్ళినప్పుడు అడుగవలసినవి రెండే ప్రశ్నలు. ఈనాడు ఎన్ని పళ్ళెములు? ఎంత నూనె? ఈ ప్రశ్నలు అడుగునది ఆ అమ్మను తప్పుపట్టుటకు కారాదు. సరుకు సకాలమున అందుచున్నదో లేదో, బిల్లు చెల్లుచున్నదో లేదో తెలిసికొనుటకు కావలెను.

అంగన్‌వాడీలోని పసివారి విషయము మరింత సున్నితమైనది. ఆరు నెలలు దాటిన బిడ్డకు జావ పెట్టుదురు. పిండి నీటిలో ఉడికినప్పుడు ఉబ్బి చిక్కబడును. పలుచన చేయుటకు నీరు పోసినచో పొట్ట నిండును గాని బలముండదు. దీనికి మన పెద్దలు ఎరిగిన ఉపాయమే ఉత్తమమైనది. రాగులను నానబెట్టి, గుడ్డలో మొలకెత్తించి, ఎండబెట్టి విసరిన పిండిని వాడవలెను. మొలక తన ఆకలి తీర్చుకొనుటకై పిండిగొలుసులను తెంచు పదార్థమును పుట్టించియుండును. ఆ పదార్థము మన జావలోను పనిచేసి, ఎక్కువ పిండి వేసినను జావను పలుచగా ఉంచును. బాగుగా కాచిన ఆ జావలో ఒక చెంచా నూనెగాని, నెయ్యిగాని కలిపినచో కొద్ది జావతోనే బిడ్డకు తగిన బలము చేరును.

పెద్దవారి సమస్య దీనికి విరుద్ధమైనది. 2023లో ప్రకటితమైన భారత వైద్య పరిశోధనా మండలి అధ్యయనము ప్రకారము మన దేశమున మధుమేహము గలవారు 10 కోట్లకు మించియున్నారు. ఈ వ్యాధి పట్టణములకే పరిమితము కాదు. నాగలిపట్టిన కాలమునాటి అన్నపురాశి, ట్రాక్టరు కాలమునను పళ్ళెములో అట్లే ఉన్నది. కండరములు ఖర్చుచేయని గ్లూకోజు కాలేయమున క్రొవ్వుగా మారి పేరుకొనుచున్నది. అన్నము కొంత తగ్గించి, పప్పును, కూరను పెంచి, పూటకొకసారియైనను జొన్ననో, రాగినో చేర్చి, శరీరశ్రమను విడువకుండుట మేలు. నూనెయు మితముగానే ఉండవలెను. బడిపిల్లవాని పళ్ళెమున తక్కువైన నూనె, పెద్దవాని బజ్జీల పొట్లమున ఎక్కువైయున్నది.

బజ్జీల బండ్ల సంగతియు చెప్పవలెను. ఒకే నూనెను మరల మరల కాచినచో దాని తోకలు తెగి, గాలితో కలసి హానికరమైన పదార్థములు పుట్టును. అట్టివి నూటికి 25 వంతులు మించిన నూనెను వాడరాదని 2018 జూలై 1 నుండి నియమము అమలులోనికి వచ్చినది. నల్లబడిన నూనె, నురగ కట్టు నూనె, పొగచూరు వాసనగల నూనె కనబడినచో ఆ వ్యాపారికి మంచిమాటతో చెప్పి పారవేయింపుడు.

రాజ్యాంగపు 73వ సవరణతో చేరిన పదునొకండవ షెడ్యూలులో పంచాయతీలకు అప్పగింపదగిన 29 విషయములున్నవి. ఆరోగ్యము, మహిళా శిశు అభివృద్ధి, ప్రజాపంపిణీ వానిలోనివే. రోడ్డు, మురుగుకాలువ, వీధిదీపము కంటికి కనబడును గనుక వానిని గూర్చి గ్రామసభలో అడుగువారు అనేకులు. 5 గ్రాముల నూనె కనబడదు. దానిని గూర్చి అడుగు నోరు బిడ్డకు లేదు. ఆ బిడ్డ తరఫున మీరు అడుగవలెను.

మీరు మీ గ్రామములకు చేరిన మరునాడే ఒకసారి బడి వంటశాలకు వెళ్ళుడు. కూరలో పోపు వాసన వచ్చుచున్నచో వంటచేయు అమ్మను గౌరవముతో అభినందింపుడు. రానిచో, కోపపడక, ఒక వడ్లగింజను, ఒక నువ్వుగింజను ఆమె చేతిలో పెట్టి, నేను ఈనాడు చెప్పినదానిని మీ మాటలలో చెప్పుడు. నాకన్న మీరే బాగుగా చెప్పగలరు.